వంతెన మీద పలకరించినవాడు

చరిత్ర లెక్చరర్ ఉమాపతి ఆరు నెలలు జర్మనీలో ఉండి, 1968 ఆగస్టులో తిరిగొచ్చాడు. వచ్చిన వారానికే డిపార్ట్‌మెంటులో అందరినీ కూర్చోబెట్టి హైడల్‌బర్గ్ కబుర్లు మొదలుపెట్టాడు. బయల్దేరే ముందు ఆదివారం అక్కడి ప్రొఫెసరు వెంట పొద్దంతా ఆ ఊరు కాలినడకన తిరిగాడట. కొండమీది పాడుబడ్డ కోట, నెక్కార్ నది, ఎర్రరాతి వంతెన, సందుల్లో కాఫీ వాసన. గంటసేపు చెప్పినా తనివి తీరలేదు.

సాయంత్రం తార్నాకలో ఆయన ఇంటికి సారలమ్మ వచ్చింది. డిపార్ట్‌మెంటు ఊడ్చే మనిషి.

"మా కొడుకు వెంకటేశం గా దిక్కే ఫ్యాక్టరీల పని నేర్సుకుంటున్నడు సారూ. మీరు చెప్పిన ఊరి పేరు వాడు గూడ రాస్తుంటడు. ఇయ్యాల ఖత్ వచ్చింది. మీరు చదివితే నేను గూడ ఆ ఊరు చూసినట్టుంటదని తెచ్చిన."

ఉమాపతి సంబరంగా కవరు చింపి పైకి చదవసాగాడు. క్షేమసమాచారం, చలి, ఆలుగడ్డ తిండి. 'మొన్న ఐతారం ఒకాయన కోటమెట్లు తెలుగుల లెక్కబెట్టుకుంట దిగుతుండు. పానం లేచొచ్చింది. వంతెన దాకా వెనుక పోయి, మీది హైదరాబాదా అని అడిగిన...'

ఆయన చదవడం ఆపేశాడు. వంతెన మీద ఆ క్షణాన పక్కనున్న ప్రొఫెసరు తన జర్మన్‌ను మెచ్చుకుంటున్నాడు. ఎదురుగా మాసిన కోటు, చంకలో రొట్టెతో ఎవడో. వీడెక్కడ దొరికాడురా అనిపించింది అప్పుడు.

"ఆగిన్రేంది సారూ?"

ఆ ముక్క మింగేసి కింది వరుసకు పోవచ్చు. ఆమెకు చదువు రాదు. కానీ పోలేకపోయాడు.

'...జర్మన్ భాషల ఏదో అని మొఖం తిప్పుకున్నడు. నేనేం అడుగుత అనుకున్నడో. రెండు మాటలు మాట్లాడుదామనే పోయిన.'

"ఎవరో పాపం, తొందర్ల ఉన్నడేమో," అంది సారలమ్మ.

"తొందరేం లేదు. అది నేనే."

ఆమె తిడితే బాగుండుననుకున్నాడు. సారలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ముందుకు జరిగింది.

"మరైతే ఎట్లున్నడు సారూ? బక్కగైండా?"

కోటు గుర్తొచ్చింది. రొట్టె గుర్తొచ్చింది. ముఖం మాత్రం రాలేదు.

"సరిగా చూడలేదు సారలమ్మా."

"మిగిలింది చదువుండ్రి," అందామె.

తలెత్తకుండా చివరిదాకా చదివి, కాగితం మడిచి ఇచ్చాడు. మర్నాడు వెంకటేశానికి తెలుగులో నాలుగు పేజీలు రాసి పోస్టు చేశాడు. జవాబు రాలేదు. వాడి దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా అని సారలమ్మను అడగడానికి ఆయనకు మొహం చెల్లలేదు.