ఉప్పునీళ్ళు గడ్డకట్టిన పొద్దు

కాశిబుగ్గ ఐసు ఫ్యాక్టరీలో కొమురెల్లి అప్పటికి పదకొండో డబ్బాను తొట్టిలోంచి లేపాడు. మామూలు నీళ్ళలో ఓసారి ముంచి వంచితే దిమ్మె జారి నేలమీదకొచ్చింది. ముప్పై ఏళ్ళ చలికి అతని వేళ్ళ కొసలు మొద్దుబారాయి. వేడి చాయ గ్లాసు పట్టుకోవడానికి అదే మేలంటాడు.

డబ్బాలు మునిగి ఉండే తొట్టి నిండా ఉప్పునీళ్ళే. డబ్బాల్లో మంచినీళ్ళు గడ్డకడతాయి, చుట్టూ ఉన్న ఉప్పునీళ్ళు కట్టవు. కొమురెల్లికి తెలిసిన సైన్సంతా అదే. అందుకే పది రోజుల కింద కూతురు యమున, ధ్రువాల దగ్గర సముద్రం గడ్డకడుతుందనీ, ఉత్తరాన ఆ మంచు నలభై ఏళ్ళుగా తగ్గుతూ వస్తోందనీ, హైదరాబాదులో తాను చదవబోయేది దాని గురించేననీ చెబితే, చుట్టాల ముందు పకపకా నవ్వాడు. ఎవరో నిన్ను ఆగం చేసిన్రు అన్నాడు. ఆ పిల్ల వాదించలేదు, మాట్లాడటమే మానేసింది. ఇవాళ పదకొండింటికి ఆమె బస్సు.

సముద్రంలో లీటరుకు ముప్పై అయిదు గ్రాముల ఉప్పుంటుందని ఆమె అన్నది గుర్తుంది. నిన్న కిరాణా కొట్టులో ఉప్పు తూకం వేయించి, చిన్న డబ్బాలో లీటరు నీళ్ళకు అంతే కలిపి, గుట్టుగా తొట్టిలో దించాడు. ఇప్పుడు తీస్తే పాలలా తెల్లగా గడ్డ. తొట్టిలో ఉప్పు అంతకు ఎన్నో రెట్లు, అందుకే అది కట్టడం లేదు. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి ఇది తెలియలేదే అని సిగ్గుపడ్డాడు, బిడ్డకు ఇంత తెలుసా అని పొంగిపోయాడు.

చాయ తెచ్చిన రయీస్ ఫోన్ చూపించాడు. పోయినేటి కంటే ఉత్తర ధ్రువం దగ్గర మంచు పెరిగిందట, తగ్గుతోందన్నదంతా ఉత్తదేనట. కొమురెల్లి పక్క డబ్బాను కర్రతో తట్టాడు. పైన పొర కట్టింది గానీ లోపల నీళ్ళు కదిలాయి.

"పొర కట్టంగనే దిమ్మె అయితదా రయీసూ? ఒక్క ఏడు చూసి చెప్పొద్దు, నలభై ఏండ్లది చూడాలె. మా బిడ్డ చెప్పింది."

గడ్డను గోనెపట్టాలో చుట్టుకుని ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఆటో ఆగి ఉంది. యమున బ్యాగు ఎక్కిస్తోంది. అతను గోనెపట్టా విప్పి గడప మీద పెట్టాడు.

"నువ్వన్నదే నిజం బిడ్డా. నాకే తెల్వకపాయె."

ఆమె చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుంది.

"ఉప్పగున్నది బాపు. సముద్రం మీది మంచు ఏండ్లకేండ్లు ఉంటే ఉప్పు కారిపోయి, కరిగిస్తే తాగే నీళ్ళైతయి. ఇప్పుడు గసొంటి పాత మంచే మిగుల్తలేదు."

పది రోజుల తర్వాత వినిపించిన 'బాపు' దగ్గరే అతను ఆగిపోయాడు. మిగతాది మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె నవ్వి చెప్పింది, ఆటో ఎక్కింది.

అతను తిరిగి పనికి పోయాడు. సాయంత్రానికి గడప మీద గడ్డ లేదు. గోనెపట్టా ఎండి, దాని అంచున తెల్లగా ఉప్పు తేలింది.