జలపాతంలోకి దూకిన మనిషి

సిద్ధరాజ్ ఒకప్పుడు సాహస చిత్రాల హీరో. ధర్మపురి దగ్గరి బి. మల్లాపురంలో కూలివాళ్ల ఇంట పుట్టి, మద్రాసు చేరి, కత్తియుద్ధాలతో, గుర్రపు స్వారీలతో కొన్నేళ్లు తెరను ఏలాడు. కుటుంబ కథల కాలం వచ్చాక వేషాలు తగ్గిపోయాయి. భార్య లక్ష్మమ్మాళ్‌తో ధర్మపురికి తిరిగి వచ్చేశాడు.

ఇప్పుడాయనకు ఎనభై దాటాయి. మొన్న అభిమానులు కల్యాణమండపంలో ఆయన పాత సినిమా ఒకటి వేశారు. హీరో హోగెనక్కల్ జలపాతంలోకి దూకగానే జనం లేచి ఈలలు వేశారు. సిద్ధరాజ్ మాత్రం భార్య వైపు వంగాడు.

“దూకినోడు నేనేనా?”

“నువ్వు కాక ఇంకెవురు? పెండ్లయినప్పటి నుంచీ చెప్తానే ఉండావు కదా!”

తెర మీద వీపే తప్ప ముఖం కనబడలేదు. చెవుల్లోకి నీళ్లు దూసుకొచ్చిన సంగతి ఆయనకు గుర్తుంది. ఒడ్డున నిలబడి, ఎవరో దూకుతుంటే ఊపిరి బిగబట్టి చూసిన సంగతీ అంతే బాగా గుర్తుంది.

మర్నాడు బస్సెక్కి వెల్లిచందై వెళ్లాడు. ఆయనకు డూప్‌గా చేసిన మాదేశ్వరన్ ఊరది. అతను పోయి చాలా కాలమైంది. భార్య మునియక్క వాకిట్లో వేరుశెనక్కాయలు ఒలుస్తోంది.

“మునియక్కా, ఆ పొద్దు దూకింది నేనా, మీ ఆయనా?”

“నన్నడిగితే ఎట్లన్నా? మామూలుగా ఉంటే నువ్వే దూకినావని చెప్తా ఉండె. తాగినాడంటే తానే దూకినానని ఏడుస్తా ఉండె.”

“నువ్వేది నమ్మినావు?”

“ఆయన కాలు విరిగింది నిజం. ఏ సినిమా పడంలోనో తెలీదు.”

సిద్ధరాజ్ తల పట్టుకున్నాడు. “ఆదివారం మళ్లీ పడం వేస్తారంట. మీ ఆయన ఫోటో పెట్టమంటాను.”

“ఆయన దూకకపోయింటే?”

“నేను దూకకపోయింటే నాకు మాత్రం ఈలలెందుకమ్మా?”

ఆమె పెట్టెలోంచి ఒకే ఒక ఫోటో తెచ్చింది. ఇద్దరు మనుషులు, ఒకే దుస్తులు, ఒకే పెట్టుడు మీసం. మునియక్క ఎడమవైపు మనిషి మీద వేలు పెట్టింది. కాసేపు చూసి కుడివైపుకు జరిపింది.

“ఇద్దురూ ఒకే మాదిరి ఉండారే!”

ఆదివారం మునియక్క కూడా మండపానికి వచ్చింది. ఆ ఫోటోను తెర ముందు పెట్టారు. అభిమాన సంఘం వెంకటరామన్ పూలదండ తెస్తే లక్ష్మమ్మాళ్ అడ్డం వచ్చింది.

“బతికుండే మనిషికి దండ వేస్తారా?”

“అయితే ఎవురికి వేసేది, అమ్మా?”

వెంకటరామన్ దండను చేత్తో పట్టుకునే కూర్చున్నాడు. దూకే ఘట్టం వచ్చినప్పుడు సిద్ధరాజ్ కూడా లేచి, మునియక్క పక్కన నిలబడి, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఎవరికోసమో మాత్రం ఆయనకు తెలియలేదు.