హోయ్ట్ ట్రాసెల్ కూర్చున్న చోటు

మా కాల్డర్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో, ఆట నాలుగు భాగాల్లో మూడోది, అంటే మూడో క్వార్టర్ అయిపోగానే ఎనభై వేల మంది ఎడమకాలి బూటు విప్పి, తలపైకెత్తి, ఎదుటి జట్టు వైపు ఝాడిస్తారు. ఎందుకని అడిగితే మా ఊళ్లో మాటలు రాని పిల్లలు కూడా చెప్పేస్తారు. 1911లో కోచ్ జేబెజ్ రాల్స్టన్ గారికి ఒక బూటు బురదలో కూరుకుపోయిందట. రెండోది చేత్తో ఊపుతూ జట్టుకు ధైర్యం చెప్పి గెలిపించాడట. ఉత్తరం గేటు దగ్గర ఆయన కంచు విగ్రహం ఉంది, చేతిలో బూటుతో సహా.

ఇదంతా శుద్ధ అబద్ధం. ఆ బూటు మా ఆయన హోయ్ట్‌ది.

1983 అక్టోబరులో ఒక శనివారం, ఆటకు ముందు, అందరిలాగే మేమూ పార్కింగ్ గడ్డిలో ట్రక్కు వెనక తలుపు దించుకుని తిన్నాం. పొగలో కాల్చిన పంది మాంసం, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, సీసాలో హోయ్ట్ దాచి తెచ్చిన విస్కీ. తిన్నాక ఆయన బూట్లు విప్పి కాసేపు కునుకు తీశాడు. బ్యాండు మోత వినపడగానే లేచి, చూసుకోకుండా బూట్లు తొడుక్కుని పరుగెత్తాడు. లోపల దూరిన ఎర్రచీమ ఏ కళనుందో గాని మూడో క్వార్టర్ చివరిదాకా ఓపిక పట్టింది. అది కుట్టగానే హోయ్ట్ బూటు ఊడబీకి, ఒంటికాలి మీద గెంతుతూ, దాని వంశాన్నంతా తిడుతూ గాల్లో దులిపాడు. సరిగ్గా అప్పుడే కింద ఎదుటి జట్టువాడు బంతి జారవిడిచాడు, అది మావాళ్లకు దొరికింది. మేం గెలిచాం.

పై వారం మూడో క్వార్టర్ అవగానే వెనక వరసలో కూర్చునే పళ్ల డాక్టరు మా ఆయన భుజం తట్టి బూటు విప్పమన్నాడు. విప్పాడు. మళ్లీ గెలిచాం. ఆ పై వారం వరసంతా విప్పింది, అయిదేళ్లకు స్టేడియమంతా విప్పింది. పదేళ్లకు రేడియోలో వ్యాఖ్యాత దాన్ని తరతరాల ఆచారం అన్నాడు. కోచ్ రాల్స్టన్ మధ్యలో ఎప్పుడొచ్చి దూరాడో నాకు తెలియదు.

అంతకన్నా విడ్డూరం ఏమిటంటే, మా ఆయన కూడా ఆ కథ నమ్మేశాడు. విగ్రహం పెట్టిన రోజు కళ్లు తుడుచుకున్నాడు. చీమ సంగతి గుర్తు చేస్తే, "అదేదో వేరే ఏడాదిలే," అంటాడు.

పోయిన వసంతంలో యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. దేశంలో గొప్ప స్టేడియంల జాబితాలో మాది పదకొండో స్థానానికి దిగిపోయిందట. స్టేడియంలో సందడి చాలడం లేదట. అందుకని తూర్పు వైపు బల్లలన్నీ పీకేసి అద్దాల గదులు కడతారట. ఆ గదుల్లో పెద్దమనుషులు సోఫాల్లో కూర్చుని రొయ్యలు తింటారు గాని అరవరు కాబట్టి, అరుపులు ముందే రికార్డు చేసి స్పీకర్లలో వినిపిస్తారట. పీకేసే బల్లల్లో మా ముప్పై ఎనిమిదో వరస కూడా ఉంది.

మనిషికి మూరెడు చోటు. ఎండలో కాలుతుంది, నవంబరులో గడ్డకడుతుంది. పెళ్లయిన ఏడాది నుంచీ మాకు శనివారమంటే ఆ మూరెడు చోటే. మోకాలి ఆపరేషనప్పుడు హోయ్ట్ ఒక సీజనంతా ఇంట్లో టీవీలో చూశాడు. రెండో క్వార్టర్‌కే నిద్రపోయేవాడు. లేపితే ఎవరు గెలిచారని కూడా అడిగేవాడు కాదు. నలభై ఏళ్లు స్కూలు బస్సులు బాగుచేసిన మనిషి, కుర్చీలో గోనెసంచిలా పడి ఉండేవాడు. మళ్లీ ఆ బల్ల మీద కూర్చున్న రోజునే ఆయన గొంతు విన్నాను.

అభ్యంతరాలుంటే వచ్చి చెప్పుకోమన్నారు. వెళ్లాం. వినడానికి కూర్చున్నది కెండల్ ప్రాట్ అనే అమ్మాయి. అభిమానుల అనుభూతి విభాగానికి డైరెక్టరట. మా వయసు, మా మోకాళ్లు, మేం ఎన్నేళ్లుగా వస్తున్నామో అన్నీ చెప్పాను. ఆమె ప్రతిదానికీ తలూపింది, ఏదీ రాసుకోలేదు. ఇక లాభం లేదని అసలు సంగతి బయటపెట్టాను.

"మీరు చెప్పుకునే ఆ ఆచారం మొదలైంది మా బల్ల మీదే. మొదలెట్టింది ఈయనే," అన్నాను.

హోయ్ట్ సిగ్గుతో ముడుచుకుపోయాడు. "ఆవిడ మాట పట్టించుకోకండమ్మా. అది రాల్స్టన్ గారిది," అన్నాడు.

"నోర్మూసుకో హోయ్ట్," అని, సంచిలోంచి 1983 నాటి కాలేజీ వార్షిక సంచిక తీసి ఆమె ముందు పడేశాను. అరపేజీ బొమ్మ. బూటెత్తి ఒంటికాలి మీద ఉన్నాడు మా ఆయన, చుట్టూ జనం నవ్వుతున్నారు. వాళ్లందరి బూట్లూ కాళ్లకే ఉన్నాయి.

కెండల్ చాలాసేపు చూసింది. నిజం బయటపడిందని కంగారు పడుతుందేమో అనుకున్నాను. ఆమె మొహం వెలిగిపోయింది.

"రాల్స్టన్ గారి ఆత్మ డెబ్బై రెండేళ్ల తర్వాత ఒక మామూలు మనిషి కాల్లో ప్రవేశించింది. ఇంతకన్నా ఏం కావాలమ్మా," అంది.

ప్రవేశించింది చీమ అని చెప్పబోయి మింగేశాను. ఆత్మ అయితేనేం, బల్ల దక్కితే చాలు. ఆ బల్లను ఎవరూ ముట్టుకోరని ఆమె అక్కడికక్కడే మాటిచ్చింది. దారంతా ట్రక్కులో నేను ఈలలు వేస్తూనే ఉన్నాను. హోయ్ట్ మాత్రం, రాల్స్టన్ గారికి అన్యాయం చేశామేమోనని నసుగుతూ కూర్చున్నాడు.

సెప్టెంబరులో మొదటి ఆటకు అందరికన్నా ముందే వెళ్లాం. మాకొచ్చిన టిక్కెట్ల మీద తొంభై ఒకటో వరస, వాయవ్య మూల అని ఉంది. పొరపాటున పడిందనుకుని మా పాత చోటికే వెళ్లాం. రెండు అద్దాల గదుల మధ్య మా బల్లముక్క అలాగే ఉంది, మాటిచ్చినట్టే ఎవరూ ముట్టుకోలేదు. చుట్టూ ఇత్తడి కమ్మీలు, వాటికి ఎర్ర మఖమల్ తాడు, పక్కన ఒక ఫలకం, దాని మీద వార్షిక సంచికలోని ఆ బొమ్మ. హోయ్ట్ ఇవేవీ చూడలేదు. అలవాటు కొద్దీ కాలెత్తి తాడు దాటి, తన చోట్లో కూర్చుని, హమ్మయ్య అన్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. అయిదు నిమిషాలు కూర్చున్నామేమో. అంత సంతోషంగా నేనెప్పుడూ లేను.

పసుపుపచ్చ చొక్కా వేసుకున్న కాపలాదారు వచ్చాడు. నెరిసిన జుట్టు, మర్యాదస్థుడు.

"సార్, ఇక్కడ కూర్చోకూడదు. ఇది హోయ్ట్ ట్రాసెల్ గారి చోటు," అన్నాడు.

"ఆయనే ఈయన," అన్నాను.

అతను ఫలకం మీద మీసాల కుర్రాణ్ని చూశాడు, బట్టతల మా ఆయన్ని చూశాడు. నమ్మనట్టే ఉన్నాడు గాని అమర్యాదగా ఏమీ అనలేదు. "ఆయనే అయితే, ఈ చోటు విలువ ఆయనకు నేను చెప్పాలా అమ్మా," అన్నాడు.

అతనికి జవాబు చెప్పడానికి నేను చొక్కా చేతులు పైకి మడిచాను. అప్పటికే హోయ్ట్ కళ్లజోడు పెట్టుకుని ఫలకం చదువుతున్నాడు. రాల్స్టన్ గారి ఆత్మ దిగిన చోటన్న ఆ రాతను, పెదాలు కదుపుతూ, ఒక్కొక్క ముక్కే చదివాడు. చదవడం అయ్యాక తలమీది టోపీ తీసేశాడు. విగ్రహం దగ్గర తీసినట్టే.

మోకాలు పట్టుకుని మెల్లగా లేచి తాడు అవతలికి వెళ్లాడు.

"లేవే ఎర్లీన్," అన్నాడు. "ఎంతమంది చూడటానికొస్తారో ఏమో. మనం కూర్చుంటే ఏం బాగుంటుంది."

పోట్లాడి మరీ ఆయన చోటు పోగొట్టింది నేనే. నేను లేచి ఇవతలికొచ్చేసరికి, ఆయన వంగి తాడు సరిచేస్తున్నాడు.