వంతగొంతులు

నీలకంఠం ఫ్యాను కట్టేసి, కిటికీ రెక్క మూసి, తలుపుకు గడియ పెట్టి, అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు. ఇవన్నీ రికార్డింగు జరిగేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు. తయారైన పాటను కంప్యూటర్లోంచి బయటికి తీసే పనికి వీటితో నిమిత్తం లేదు. ఫ్యాను ఎంత గట్టిగా తిరిగినా కంప్యూటరుకు వినబడదు. ఆ సంగతి నీలకంఠానికి తెలుసు. తెలిసినా కట్టేస్తాడు. భయస్తుడికి చేతికి ఏదో ఒక పని ఉండాలి కదా.

టాటానగర్‌లోని గోల్‌మురి బజారులో టైలరు కొట్టు వెనక ఉన్న గది అది. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు పాత బొంతలు వేలాడదీశాడు. వాటి పువ్వుల రంగులు ఎప్పుడో వెలిసిపోయాయి. ఒక బల్ల, ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, మైకు నిలబెట్టే స్టాండు. మనిషి సన్నగా, ముందుకు వంగి ఉంటాడు. ఏళ్ల తరబడి పెట్టుకున్న హెడ్‌ఫోన్లు నడినెత్తిన జుట్టును అరగదీసి అడ్డంగా బాట వేశాయి. గోల్‌మురి తెలుగువాళ్ల ఇళ్లలో పెళ్లి పాట కావాలన్నా, దుర్గాపూజ పందిట్లో మైకులో వినిపించే ప్రకటన కావాలన్నా ఈ గదికే వస్తారు. పని పూర్తయ్యాక అతని పేరు ఎవరికీ గుర్తుండదు. అదీ అతనికి హాయిగానే ఉంటుంది.

ఈ రోజు మాత్రం హాయి లేదు. తెర మీద ఉన్నది తవిటయ్య పాట.

తవిటయ్య భజన జట్టుకు పెద్ద. టెక్కలి దగ్గరి పల్లెనుంచి పడుచువయసులో పనికోసం వచ్చి, ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా కొలిమి పక్కనే బతుకంతా గడిపాడు. మధ్యాహ్నం షిఫ్టు దిగి, మసి కడుక్కుని, నేరుగా భజనకు వచ్చేవాడు. ఈ పాట ఆయన స్వయంగా కట్టినదే. పల్లెలోని అమ్మవారు తన బిడ్డలతో పాటు రైలెక్కి టాటానగర్ వచ్చిందని అందులోని కథ. పాటంతా ప్రశ్నలే. పెద్ద ప్రశ్న అడుగుతాడు, జట్టు జవాబు చెబుతుంది.

'ఊరొదిలి, ఏరు దాటి, రైలెక్కి వచ్చినాది ఎవరే?' అంటాడు తవిటయ్య.

'మాయమ్మే వచ్చినాది, మా ఎంటే వచ్చినాది' అంటారు వంతగాళ్లు.

హోలీకి ముందు జట్టంతా ఈ గదిలో మోకాళ్లు ఒకరివొకరికి తగిలేలా ఇరుక్కుని కూర్చుని పాడారు. ఎండాకాలంలో వంతగాళ్లలో పోలయ్య పోయాడు. వంత ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే అందుకునేవాడు, కానీ తవిటయ్యకు తమ్ముడి కంటే ఎక్కువ. అప్పటినుంచి ముసలాయన కనబడినప్పుడల్లా ఒకటే మాట. "పాట ఇయ్యరా నీలకంటం. పోలిగాడి గొంతు ఇంకోపాలి ఇనాల." నీలకంఠం ఇంకొంచెం పని ఉందనేవాడు. తాళం కాస్త ముందుంది, వంత కాస్త వెనకబడింది అని వాయిదా వేసేవాడు. నిజానికి పాట ఎప్పుడో తయారైపోయింది. కంప్యూటర్లో ఉన్నంత కాలం తప్పు దిద్దుకోవచ్చు. బయటికి ఇచ్చేశాక దిద్దుకోవడం ఎవరి తరం? ఆ భయంతోనే నెలలు గడిపేశాడు. ఇప్పుడు తవిటయ్య ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. దగ్గరి మనుషులు ఎటూ వెళ్లవద్దని పొద్దున డాక్టరు చెప్పాడు.

నీలకంఠం ఆఖరి చరణం దగ్గర ఆగాడు. అక్కడ తవిటయ్యకు ఊపిరి అందక చిన్న ఎగశ్వాస వినబడుతోంది. దాన్ని మెత్తబరచాలంటే ఆ గొంతును విడిగా వినాలి. అందుకు పసుప్పచ్చ బటన్ ఒకటుంది. అది నొక్కితే ఆ ఒక్క గొంతే పలుకుతుంది, మిగతావన్నీ నోరు మూసుకుంటాయి. నొక్కాడు. విన్నాడు. ఎగశ్వాసను కొద్దిగా తగ్గించాడు. మరీ తీసేస్తే అది తవిటయ్య గొంతు కాకుండా పోతుంది.

అప్పుడే ఫోను మోగింది. తవిటయ్య మనవరాలు శ్వేత.

"అంకుల్, జల్దీ ఆయియే నా. దాదాజీ బార్ బార్ పూఛ్ రహే హై."

త్వరగా రమ్మంటోంది, తాత పదేపదే అడుగుతున్నాడట. వెనకనుంచి తవిటయ్య భార్య సన్యాసమ్మ గొంతు కూడా వినబడింది. "బేగి రమ్మనే, బేగి!"

"వత్తన్నాను, వత్తన్నాను" అంటూండగానే లైటు ఒకసారి ఆరి వెలిగింది. కంప్యూటరు కిందున్న బ్యాటరీ పెట్టె కీచుమంది. కరెంటు పోతే పని మొత్తం గంగపాలే. నీలకంఠం సేవ్ నొక్కాడు, నమ్మకం చాలక మళ్లీ నొక్కాడు, పాటను బయటికి తీసే ఎక్స్‌పోర్ట్ నొక్కాడు.

తెర మీద నీలం గీత కదలడం మొదలుపెట్టింది. ముసలి కంప్యూటరు గుర్రుమంటూ పాటను పోగుచేస్తోంది. గీత సగం దాకా సాఫీగా వెళ్లి అక్కడ నిలబడిపోయింది. నీలకంఠం మౌసు మీదనుంచి చెయ్యి తీసేశాడు. తాకితే ఎక్కడ ఆగిపోతుందోనని ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చాడు. గోడకవతల టైలరు మిషను టకటకలాడుతోంది. 'నెలల తరబడి టైముంది కదరా దరిద్రుడా, అప్పుడేం చేశావు?' అని తన్ను తానే తిట్టుకున్నాడు. ఇంత చేసి మనిషే దాటిపోతే ఆ పాట ఎవరికోసం? గీత మళ్లీ కదిలింది. మళ్లీ ఆగింది. అరచేతులు చెమటతో తడిసిపోయాయి, లుంగీకి తుడుచుకున్నాడు.

ఈ భయం అతనికి కొత్తది కాదు. చిన్నప్పుడు అతనూ భజనలో వంతపాటగాడే. ఒక శ్రీరామనవమికి పాట మధ్యలో అందరి ముందూ గొంతు చీలితే జనం ఘొల్లున నవ్వారు. కుర్రాడు పరుగెత్తి పందిరి వెనక దాక్కుంటే తవిటయ్యే వెతుక్కుంటూ వచ్చి, మైకు తీగ చేతిలో పెట్టాడు. "ఏడవకురా. నువ్విది సూసుకో. మా గొంతులన్నీ నీ సేతిలోనే ఉంటాయి." ఆ మాటే అతనికి బతుకు చూపించింది. ఆ తర్వాత మాత్రం ఎక్కడా పాడలేదు. బిడ్డను నిద్రపుచ్చడానికైనా నోరు విప్పలేదని, స్నానం చేసేటప్పుడు కూడా కూనిరాగం తీయడని భార్య పద్మకుమారి నలుగురిలో వేళాకోళం చేస్తుంటుంది.

పని అయిపోయిందని కంప్యూటరు టింగుమంది. మామూలుగా అయితే బయటికి తీసిన పాటను మొదటినుంచి చివరిదాకా కళ్లు మూసుకుని ఒకసారి, ఫోన్లో ఒకసారి, తలుపవతల నిలబడి ఒకసారి వింటాడు. అంతా విన్నాకే చేతికిస్తాడు. పెళ్లివాళ్లు గుమ్మంలో నిలబడి విసుక్కున్నా ఆ పద్ధతి మానడు. ఈ రోజు వినలేదు. పాటను ఫోన్లోకి ఎక్కించుకుని, తలుపు తాళం వేశాడో లేదో చూసుకోకుండా స్కూటరెక్కాడు.

సీతారాండేరా దాటుతుంటే రోడ్డు నిండా లారీలు. హారన్ మీదనుంచి బొటనవేలు తీయలేదు. ఎన్నడూ ఎవరినీ దాటి ముందుకు వెళ్లని మనిషి ఆ రోజు ఆటోల సందుల్లో దూరి వెళ్లాడు. ఒక ఆటోవాడు హిందీలో అతని వంశాన్నంతా తలుచుకున్నాడు. ఇంకో రోజైతే బండి ఆపి క్షమాపణ చెప్పేవాడే.

వార్డులో తవిటయ్య మంచం కిటికీ పక్కన. కొలిమి దగ్గర ఎర్రబారిన ఆ పెద్ద ముఖం ఇప్పుడు పిడికెడైంది. ముక్కుకు గొట్టం, కళ్లు సగం మూత. ఛాతీ ఎగిరి పడుతోంది, పడ్డాక మళ్లీ ఎగరడానికి చాలాసేపు తీసుకుంటోంది.

"వచ్చేడు, నీలకంటం వచ్చేడు" అంది సన్యాసమ్మ మొగుడి చెవి దగ్గర వంగి. "పాట తెచ్చేడు, ఇంటావా?"

ఫ్యాక్టరీ యంత్రాల హోరులో ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. శ్వేత తాత చెవికి మిషను తగిలించింది. అది ఒకసారి కుయ్యిమని ఈల వేసి సర్దుకుంది. నీలకంఠం ఫోను దిండు మీద పెట్టి పాట మొదలుపెట్టాడు.

'ఊరొదిలి, ఏరు దాటి, రైలెక్కి వచ్చినాది ఎవరే?'

తవిటయ్య పాత గొంతు, బలమైన గొంతు. సన్యాసమ్మ కళ్లొత్తుకుంది. నీలకంఠం వంతకోసం ఎదురుచూశాడు.

వంత రాలేదు. తాళాలు లేవు, మద్దెల లేదు. ఫోన్లోంచి ఖాళీ తప్ప ఏమీ రావడం లేదు. ఆ ఖాళీ గడిచాక తవిటయ్య గొంతే మళ్లీ ఎత్తుకుంది.

'కొలిమి కాడ, మంట కాడ, సెమట తుడిసినాది ఎవరే?'

మళ్లీ ఖాళీ. నీలకంఠానికి అప్పుడు గుర్తొచ్చింది. పసుప్పచ్చ బటన్. నొక్కినది నొక్కినట్టే వదిలేశాడు. పోలయ్య గొంతు, జట్టు మొత్తం గొంతులు అక్కడ గదిలోనే ఉండిపోయాయి. తను తెచ్చినవి ప్రశ్నలే. పద్ధతి తప్పని మనిషి ఒకే ఒక్క రోజు తప్పాడు, అదీ ఈ రోజు. ఆపేద్దామని చెయ్యి చాచాడు. ఆపితే? వెనక్కి వెళ్లి తేవడానికి టైమెక్కడుంది? ఆ ఛాతీని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

తవిటయ్య పెదాలు కదిలాయి.

"ఆళ్లేర్రా?"

పాట మూడో ప్రశ్న అడిగింది. ప్రశ్న అయిపోయింది, ఖాళీ మొదలైంది, సగం గడిచిపోయింది. అప్పుడు నీలకంఠం నోరు తెరిచాడు.

'మాయమ్మే వచ్చినాది... మా ఎంటే వచ్చినాది.'

గొంతు చీలింది. చిన్నప్పుడు చీలినచోటే చీలింది. పక్క మంచం మనిషి తల తిప్పి చూశాడు. నీలకంఠం చెవులు సిగ్గుతో మండిపోయాయి, కానీ నోరు మూయలేదు. తవిటయ్య ముఖం మీద ముడతలు కదిలాయి. అది నవ్వేనని సన్యాసమ్మకు తెలిసింది.

"పోలిగా... ఇప్పుడు కూడా ఆలీసమేనేట్రా?"

నీలకంఠానికి దుఃఖం పొంగుకొచ్చింది. కాదు మావా, నేను, అని చెప్పలేదు. తర్వాతి ఖాళీలో వేళకు అందుకున్నాడు. ఈసారి పక్కన ఇంకో గొంతు కలిసింది. సన్యాసమ్మది. మగవాళ్ల భజనలో ఆమెకెప్పుడూ చోటు లేదు. పొయ్యి దగ్గర కూర్చుని ఇన్నేళ్లూ వింటూ వచ్చింది, అంతే. ఆ తర్వాత శ్వేత. తాత తెలుగులో ప్రశ్న వేస్తే హిందీలో జవాబిచ్చే పిల్ల, ఒక్క మాట తప్పు పోకుండా పాడింది. నర్సు వస్తుందేమోనన్న భయంతో ముగ్గురూ మంచం మీదికి వంగి, గొంతు తగ్గించి పాడారు. తవిటయ్య వేళ్లు దుప్పటి మీద తాళం వేశాయి.

ఆఖరి చరణం వచ్చింది.

'ఈ ఊరొదిలి ఎల్లేనాడు మా తోడు ఎవరే?'

'మాయమ్మే వచ్చేది, మా ఎంటే వచ్చేది.'

ముగ్గురూ పాడారు. ఫోన్లో పాట అయిపోయింది. దుప్పటి మీద వేళ్లు కూడా ఆగాయి. ఎప్పుడు ఆగాయో, ప్రశ్న దగ్గరా, జవాబు దగ్గరా, నీలకంఠం చూడలేదు. మళ్లీ ఎగరాల్సిన ఛాతీ ఎగరలేదు. సన్యాసమ్మ దాని మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచింది.

"ఎల్లిపోనాడు" అంది.

శ్వేత నర్సు కోసం పరుగెత్తింది. నీలకంఠం మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు.

"అత్తా, వంత రానేదు. నానే తప్పు సేసినాను. అక్కడొక బటనుంటాది, దాన్ని..."

"వచ్చింది కదేటి" అంది సన్యాసమ్మ. మొగుడి కళ్లు మూసింది, నోరు సరిచేసింది.

నర్సు వచ్చింది, వెనకే డాక్టరు వచ్చాడు. ముక్కు గొట్టం తీశారు. శ్వేత తాత చెవి మిషను మెల్లగా తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, కిటికీ గట్టు మీదున్న స్టీలు గిన్నెలో వేసింది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. అందరూ మంచం చుట్టూ ఉండగా, ఖాళీ గిన్నెలో ఆ చెవి మిషను సన్నగా, ఆగకుండా ఈల వేస్తూనే ఉంది.