మధ్యగోడ

హసన్‌పర్తిలో ఇల్లు అమ్మకానికి పెట్టిన చిలుకమ్మ, ముందు ఏమేం బాగు చేయించాలని మేస్త్రీ ఇమాం పాషాను అడిగింది.

"సున్నమేసి, పెంకులు సదురుదాం అక్కా. కొనెటోళ్లు గవే జూస్తరు."

"గవేం వద్దు తమ్మీ. మధ్యగోడ కూలగొట్టి కొత్తది కట్టు."

"అది మంచిగనే ఉంది గద!"

"ఉండనీ. కూలగొట్టు."

గోడకు అవతల ఆమె బావ కొమురయ్య ఇల్లు. చిలుకమ్మ మొగుడు చనిపోయిన ఏడాది వానలకు ఆ గోడ ఒరిగింది. ఖర్చు తన మీద పడకుండా, 'అది నా తమ్ముని గోడ, నాకు సంబంధం లేదు' అని కొమురయ్య పెద్దమనుషుల ముందు ప్రమాణం చేశాడు. ఆమె కాళ్ల కడియాలు అమ్మి దాన్ని నిలబెట్టుకుంది. తర్వాత అతనే సిగ్గు లేకుండా అదే గోడ మీద దూలాలు ఆనించి వంటిల్లు వేసుకున్నాడు. ఇప్పుడేమో ఇల్లు చూడవచ్చిన ప్రతివాడికీ అది అచ్చిరాని ఇల్లని చెప్పి వెళ్లగొడుతున్నాడు.

మొదటి గడ్డపార పోటుకే కొమురయ్య ఉరికొచ్చాడు. "ఆపుండ్రి! నా వంటిల్లు కూలుతది!"

చిలుకమ్మ కొంగు నడుముకు దోపింది.

"గోడ నాదని ప్రమాణం జేసింది నువ్వే గద బావా. జల్ది నీ దూలాలు దింపుకో. పాషా, నువ్వు కొట్టు తమ్మీ."