మొగిలమ్మ ముడతలు

హనుమకొండలో ఆ హాలు మెట్ల దగ్గర యాకయ్య చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కున్నాడు. లోపలికి పోయే పెద్దమనుషులెవరూ విప్పడం లేదు మరి. గుమ్మానికి బట్ట కట్టారు: ‘సుందర్ రావు ఫొటోలు. ఇరవై అయిదేళ్ల పని.’ అందులో మొదటి పదమూడేళ్లు యాకయ్యవి కూడా. ఆ ముక్క బట్ట మీద లేదు. ఎందుకుంటుంది?

నాలుగో తరగతిలో బడి మానేసిన యాకయ్య, సుందర్ రావు స్టూడియోలో రీటచింగ్ చేసేవాడు. నెగటివు కింద దీపం పెట్టుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొహాలు బాగుచేసే పని. అమ్మవారు పోసిన మచ్చలు పూడ్చాలి, కళ్ల కింద నలుపు తీయాలి. వరంగల్లులో పెళ్లిచూపులకు పోయిన ఫొటోలు సగం అతని బల్ల మీద అందం తెచ్చుకున్నవే.

డెబ్భై నాలుగులో సుందర్ రావు కాశిబుగ్గ మగ్గాల ఇళ్లు తిరిగి, నూలు కండెలు చుట్టే మొగిలమ్మను ఫొటో తీశాడు. ఆ నెగటివు మామూలు వాటితో కలిసి యాకయ్య బల్ల మీదికొచ్చింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. చూస్తే మొహం నిండా ముడతలు. పాపం అనుకుని, రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క ముడతనూ పూడ్చాడు. తెల్లవెంట్రుకలను బ్లేడు కొసతో గీకి నల్లబరిచాడు. అంత శ్రద్ధగా సొంత చెల్లెలి ఫొటో కూడా చేయలేదు.

“ముడతల కోసమే తీసిన యాకయ్యా! పెన్సిలంటే తుడుస్త, బ్లేడుతోని గీకింది మల్లెట్ల తెస్త?” అని సుందర్ రావు స్టూడియో అదిరేలా అరిచాడు.

ఆ పూటే యాకయ్య పెన్సిళ్లు జేబులో వేసుకుని బయటికొచ్చాడు. పన్నెండేళ్లుగా మాటల్లేవు. ఇప్పుడు పోస్టులో ఈ పిలుపు కార్డు. ఆ ఫొటో గోడ మీద ఉందో లేదో చూడాలనే వచ్చాడు. లేకుంటే తన పదమూడేళ్లు కడిగేసినట్టే. ఉంటే, దాని కింద ఏం రాసి నలుగురిలో పరువు తీశారో.

మేడారం జనం, నర్సంపేట పత్తి బండ్లు, వానలో తడిసిన చర్చి మెట్లు. ఫొటోలన్నీ దాటుకుంటూ పోయాడు. చిట్టచివర, కొత్త ఫ్రేముల మధ్య పొయ్యి పొగకు నల్లబడ్డ పాత ఫ్రేము ఒకటి కనిపించింది. దాని ముందు మొగిలమ్మే నిలబడి, కొంగుతో అద్దం తుడుస్తోంది.

“నువ్వు యాకయ్యవు గాదు?”

“అవునవ్వా. మంచిగున్నవా?”

“నాకేంది కొడుకా! గీ సుందరయ్య నా గోడ మీది ఫొటో అడుక్కచ్చుకుండు. పది దినాలకు మల్ల తెచ్చిస్తనని యేసయ్య మీద ఒట్టేసిండు. అప్పుడిచ్చిన.”

వెనక నుంచి సుందర్ రావు వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. బ్లేడు పెట్టాలంటే రెండు రోజులు సరిపోవు అనుకున్నాడు యాకయ్య.

“ఏం సార్, చెడగొట్టింది గూడ చూపెడుతున్నరా?”

“పారేస్తాంటే అవ్వ గుంజుకున్నది. ముడతలున్నది మల్ల పోయి తీసిన, అవ్వకు గూడ ఒకటిచ్చిన. చూడు, ఆ పక్కదే.”

మొగిలమ్మ పక్క ఫొటో వైపు మూతి తిప్పింది. “అండ్ల ఉన్నది మా అత్త లెక్కున్నది. దాన్ని బియ్యం డబ్బ మీద మూతేసిన.”

సుందర్ రావు పగలబడి నవ్వాడు. యాకయ్యకు నవ్వు రాలేదు. ఫ్రేము కింద అంటించిన చీటీ మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదువుతున్నాడు. ‘మొగిలమ్మ, కాశిబుగ్గ, 1974. ఫొటో: సుందర్ రావు. చేతిపని: యాకయ్య.’ రెండోసారి చదివాడు. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి.

“కార్డు పోస్టుల ఏసుడెందుకు? ఇంటికొచ్చి పిలవరాదా?” అన్నాడు, కోపం ఇంకా కొంచెం మిగిలిందని తెలియాలని.

“తలుపు మొహాన ఏస్తవని భయపడ్డ.”

“ఏద్దును” అన్నాడు యాకయ్య.

మొగిలమ్మ అతని మోచెయ్యి పట్టి గుంజింది. “గా ముచ్చట్లు తర్వాత. సుందరయ్య ఇయ్యాల ఇంకోటి తీస్తనంటాండు. ఇప్పుడు పండ్లు గూడ ఊడినయి కొడుకా. పెడుతవా?”

యాకయ్య సుందర్ రావు మొహంలోకి చూశాడు. సుందర్ రావు చేతులు జోడించాడు. “నెగటివు నీ బల్ల మీదికే వస్తది. నేనేమనను.”

“పండ్లంటే పెన్సిలు పనేనవ్వా, బ్లేడెందుకు” అన్నాడు యాకయ్య, జేబు తడుముకుంటూ. “ఎన్ని పెట్టమంటవ్?”

“అడుగుడేంది? అన్నీ పెట్టు!”

“అయితే నోరు పెద్దగ తెరిచి నవ్వాలె మరి.”

మొగిలమ్మ అక్కడికక్కడే నవ్వి చూపించింది.