నడుము వెనక ముడి

పెయింటర్లకు ఎత్తంటే భయం ఉండదనుకునేవాళ్లను ఒక్కపూట మా బల్ల మీద కూర్చోబెట్టాలి. ఎనిమిదంతస్తుల మేడ పైనుంచి రెండు తాళ్లకు వేలాడే చెక్క అది. దాని మీద ఇద్దరం కూర్చుని గోడకు రంగు వేస్తాం. భయం రోజూ ఉంటుంది. పొట్టకూటి కోసం మింగి కూర్చుంటాం, అంతే.

మా పనిలో ఒక పద్ధతుంది. డాబా మీద స్తంభానికి కట్టిన ఇంకో తాడు తెచ్చి మనిషి నడుముకు చుట్టి, వెనకవైపు ముడేస్తారు. ముందుంటే రంగు డబ్బాకు అడ్డం. వెనక ముడి ఎవడికి వాడు వేసుకోలేడు కనక జతగాడు వేస్తాడు. వేశాక తడిమి చూసుకోకూడదు. చూసుకుంటే నిన్ను నమ్మలేదని మొహం మీద చెప్పినట్టే. నా పెళ్లి కాకముందు నుంచీ నా ముడి మా అక్క మొగుడు వేసేవాడు, ఆయన ముడి నేను వేసేవాణ్ని.

ఈ వేసవిలో ఎక్కడెక్కడి నుంచో మనుషులు దిగారు. వాళ్ల దేశంలో పనుల్లేవట, పొట్ట చేత పట్టుకుని వచ్చారు. మా భాష ముక్క రాదు. మా కూలిలో సగానికే సరేనన్నారు. మేస్త్రి మమ్మల్ని పిలిచాడు.

"నన్నేం చెయ్యమంటారయ్యా? అవతలి మేస్త్రీలు వాళ్లను పెట్టుకుని రేటు పడగొట్టేశారు. మీరూ కాస్త దిగితే ఉంచుకుంటా, లేదంటే మీ ఇష్టం."

మా బావకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బ్రష్షు అక్కడే పడేసి వెళ్లిపోయాడు. నేను వెళ్లలేదు. ఇద్దరు పిల్లలు, అద్దె కొంప. నా రోషం వండుకు తింటారా? తగ్గిన కూలికే ఒప్పుకున్నాను. బావ చోట ఒక కొత్తవాణ్ని కూర్చోబెట్టారు. నోరు విప్పడు కనక అందరం వాడికి మౌనస్వామి అని పేరు పెట్టాం.

మొన్న సాయంత్రం బావ మా ఇంటికొచ్చాడు. ఆయనకు ఎక్కడా పని దొరకడం లేదు. ఎక్కడికెళ్లినా ఆ సగం కూలి మాటే చెబుతున్నారట. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా అడిగాడు.

"వాడికి ముడేసేది నువ్వే కదరా?"

"అవును బావా. ఏం?"

"ఏం లేదు. ఒక్కడు జారితే చాలు, మిగతావాళ్లు సంచులు సర్దుకుంటారు."

"అవేం మాటలు బావా?"

"నవ్వులాటకి అన్నాలేరా."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. నాకు వణుకు పుట్టించిందేమిటంటే, ఆ మాట నాకు కొత్తగా అనిపించలేదు.

మర్నాడు పొద్దున డాబా మీద మౌనస్వామి నా ముడి వేశాడు. తర్వాత నాకు వీపు తిప్పి నిలబడ్డాడు. తాడు చుట్టి మెలిక వేస్తున్నాను, కింద నుంచి మేస్త్రి కేకేశాడు. పిట్టగోడ దాకా వెళ్లి బదులు చెప్పి వచ్చాను. ఇద్దరం బల్ల మీదికి దిగాం.

పై అంతస్తు సగం అయ్యాక తట్టింది. రెండో మెలిక వేశానా? ఒక్కదానితో వదిలేస్తే బరువు పడగానే జారిపోతుంది. ఎంత ఆలోచించినా గుర్తు రాదే. మర్చిపోయానా, కావాలనే వదిలానా? నా చేతులంటేనే నాకు భయం వేసింది.

వాడు కిటికీ మూల అందక బల్ల చివరికి జరిగి ఒంగుతున్నాడు.

"ఒరేయ్, ఆగు" అన్నాను. పని నెమ్మదని తిడుతున్నాననుకున్నాడో ఏమో, ఇంకా జోరుగా బ్రష్షు ఆడిస్తూ ఇంకాస్త ఒంగాడు.

జరిగి వాడి చొక్కా పట్టుకున్నాను. బల్ల ఊగింది. వాడి నడుము వెనక తడిమాను. ముడి లేదు. ఎంత తడిమినా ఉత్త తాడే.

వాడు నా చేతుల కేసి చూశాడు. తోసేస్తాననుకున్నాడు పాపం, పెదాలు తెల్లబడ్డాయి. ఒక చేత్తో బల్ల తాడు బిగించి పట్టుకుని, రెండో చేత్తో చొక్కా ఎత్తి చూపించాడు. ముడి పొట్ట మీద ఉంది. మా ముడి కాదది, ఇంకేదో తీరు, రాయిలా బిగిసి ఉంది. నేను పిట్టగోడ దగ్గరికి వెళ్లినప్పుడు నాది విప్పేసి, తనే కట్టుకున్నాడన్నమాట.

బతికాడురా దేవుడా అనుకున్నాను. ఏడుపొచ్చింది. కానీ నేను వేసిన ముడి ఎలా ఉందో చూసినవాడు వాడొక్కడే. అడగడానికి మాటల్లేవు. నన్నూ, వాడి నడుమునూ చూపించి, వేళ్లతో సైగ చేశాను. ఒక మెలికా, రెండా?

వాడు నా వేళ్లను చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగి రంగు వెయ్యడం మొదలుపెట్టాడు.

సాయంత్రం దాకా ఆ బల్ల మీదే పక్కపక్కన కూర్చున్నాం. నా వెనక వాడు వేసిన ముడిని తడిమి చూసుకునే ధైర్యం నాకు చాల్లేదు.